ఏడో గ్రీన్ ముందరి గుంత

గడచిన సోమవారం నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. నల్లని గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు, ఆ అక్షరాలలో నేను వ్రాసిన వాక్యం: "ఇచట సముద్రుడు తన తరంగహస్తములతో నతిథుల కర్ఘ్యపాద్యముల నొసగుచున్నాడు." పలక వెనుక చదునైన పచ్చగడ్డి, గడ్డి వెనుక ఒక ఇసుకదిబ్బ. సముద్రం మాత్రం లేదు. ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా లేదు.

పంపినవాడు తూర్పుతీరాన ఒక పాత గోల్ఫ్ మైదానంలో పనిచేసే తోటమాలి. మా కోడలు ఆ ఫోటో చూసి, "మామయ్యా, మీ వాక్యం రాతికెక్కింది!" అని సంబరపడింది. నేను ఫోను బోర్లించి పెట్టాను. ఇన్నేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని, నా వాక్యం ఒక్కటైనా రాతి మీద చూసుకోవాలని ఆశపడనిదెన్నడు? తీరా అది ఎక్కిన చోటు ఇది.

ఆ పలక వెనుక ఇప్పుడు చదునుగా ఉన్న నేలలో ఒకప్పుడు ఒక గుంత ఉండేది. దానిని పూడ్చకుండా ఆపడానికి ఒక్క పుట వ్రాసిపెట్టమని మా గల్లీవాడొకాయన నన్ను అడిగాడు. నేను నలభైరెండు పుటలు వ్రాశాను. గుంత పోయింది. ఆయనా పోయాడు. పలక మిగిలింది.

ఆయన పేరు గానీ, ఆ క్లబ్బు పేరు గానీ, అది ఉన్న ఊరి పేరు గానీ ఇక్కడ వ్రాయను. ఆయన దాచమన్నందువల్ల కాదు. వాటిని నా చేతితో వ్రాసి ఇప్పటికే చేసిన నిర్వాకం చాలు.

ఛత్రినాకలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల వాళ్ళ ఇల్లు. ముందు ఇల్లు, వెనుక బర్రెల కొట్టం. తరాలుగా పాల వ్యాపారం. ఈయన మాత్రం మీసాలు రాని వయసులో, ఓడరేవులో పనిచేసే మేనమామ వెంట సముద్రతీరానికి పోయి, అక్కడి గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆటగాడి వెంట కర్రల సంచి మోస్తూ, ఎటు కొట్టాలో, ఎంత కొట్టాలో చెవిలో చెప్పేవాడు. తరువాత అక్కడే గడ్డి సంరక్షణ. ముప్ఫైయేళ్ళ కొలువు దాటాక మోకాళ్ళు మొరాయిస్తే తిరిగివచ్చాడు. ఆయన జీవితచరిత్ర నాకు ఇంతే తెలుసు. బాగా తెలిసినవి ఆయన పాదాలు, ఆయన చేతులు.

ఆయన చెప్పులు వేసుకొనేవాడు కాడు. మండు వేసవిలో తారురోడ్డు మీద కూడా ఒట్టి కాళ్ళే. "చెప్పులేసుకుంటే కండ్లకు గంతలు కట్టుకున్నట్టుంటది సార్," అనేవాడు. నేల వాలును ఆయన మడమతో చదివేవాడు. మాకు అక్షరాలు ఎటువంటివో, ఆయనకు ఎత్తుపల్లాలు అటువంటివి.

మూడేళ్ళ క్రితం మా గల్లీకి సిమెంటు రోడ్డు వేశారు. మర్నాడు, దాని మీద ఇంకా నీళ్ళు చల్లుతుండగానే, ఈయన ఈ చివరి నుంచి ఆ చివరకు నడిచి, మా గేటు ముందర ఆగి, కళ్ళు మూసుకొని మడమను అటూ ఇటూ త్రిప్పాడు.

"అన్నా, నీళ్ళు పంతులు గేటు కాడ నిలవడ్తయ్," అన్నాడు కాంట్రాక్టరుతో.

"ఏం కాకా, కాళ్ళల్ల మిషిన్ పెట్టుకున్నవా? లెవల్ కొట్టి ఏసినం."

"నీ లెవల్ సంగతి నాకెర్క లేదు. నా మడిమె జెప్తుంది."

కాంట్రాక్టరు నవ్వాడు. నేను కూడా నవ్వినట్లు జ్ఞాపకం. మొదటి వానకే మా గేటు ముందర చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. టీ తాగి పారేసిన కప్పులు వాటిలో తేలుతూ మా గడపను పలకరించాయి. ఆ నీళ్ళను నేను మూడు వర్షాకాలాలు పంచె ఎత్తిపట్టుకొని దాటాను.

గాలి సంగతీ అంతే. బర్రెలకు వేసే కుట్టి, అంటే సన్నగా తరిగిన గడ్డి, చొక్కా జేబులో ఎప్పుడూ చిటికెడు ఉండేది. నడుస్తూ నడుస్తూ ఆగి, ఆ చిటికెడూ పైనుంచి వదిలి, పడిన తీరు చూసి, "ఫలక్‌నుమా దిక్కుకెళ్ళి వస్తుంది గాలి," అని తనలో తాను చెప్పుకొనేవాడు. ఛత్రినాకలో ఆ సమాచారంతో ఎవరికి పని? ఆయన భార్య పాలక్యాను ఎత్తుకుంటూ, "ముప్పయ్యేండ్లు ఎవరి గడ్డికో కాపలా ఉండె. ఇంట్ల బర్లకు ఇంత గడ్డి ఏయమంటె మాత్రం గాలి జూస్తుంటడు," అని దెప్పేది. ఆయన మిగిలిన కుట్టిని ఆమె తల మీద చల్లి, "నీ దిక్కుకు ఎదురుగాలి ఉన్నది," అని ముందుకు సాగేవాడు.

నిరుటి ఆషాఢంలో, బోనాల డప్పులు వీధి చివర మోగుతున్న ఒక మధ్యాహ్నం, ఆయన మా వరండా మెట్టు మీద వచ్చి కూర్చున్నాడు.

"సార్, ఒక కాయితం రాసియ్యాలె."

"దేనిని గురించి?"

"గుంత గురించి."

ఎడమ అరచేతిని వెల్లకిలా చాపాడు. అదే ఏడో గ్రీన్. గ్రీన్ అంటే జెండా పాతిన చిన్న రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, బంతి చివరకు చేరవలసిన చోటు. ఆట మొదలుపెట్టే తావు నుంచి ఆ గ్రీన్ నూటనలభై గజాల దూరం. ఎడమ ముందరి భాగంలో మనిషి నడుములోతు గుంత, దాని నిండా పొట్టిగా కోసిన గడ్డి. చూసినవాడెవడైనా దానిని ఆటంకమనుకుంటాడు. క్రొత్త సభ్యులు అదే అనుకొని ఫిర్యాదు చేశారు. దసరా దాటాక కమిటీ కూర్చొని, దానిని పూడ్చడం మీద నిర్ణయం చేస్తుందట. పాత పనివాళ్ళు చెప్పదలచింది ఏమైనా ఉంటే వ్రాసి పంపవచ్చునన్నారట.

"సముద్రం గాలి మస్తుంటది సార్ ఆడ. బాల్ మీదికి లేపి కొడితె గాలి గుంజుకపోతది. బలమున్నోడు గాలిని చీరుకుంట కొడ్తడు, ఆనికేం ఫికర్ లేదు. ముసలోళ్ళు, ఆడోళ్ళు, నా అసొంటి బక్కోళ్ళు ఏం జేయాలె? నేలమీదికెళ్ళి దొర్లియ్యాలె. గా గుంతల దిగితె, దిగిన జోరుకే అవతలికి ఎక్కుతది. ఎక్కి, గ్రీన్ మీద పడ్తది. గుంత పూడిస్తే జోరు ఏడికెళ్ళి వస్తది? బక్కోళ్ళ తోవ బందయితది. గింతే రాయాలె."

అని రెండు చేతులూ కలిపి చూపించాడు.

"గుంత గిట్లుంటది సార్, దోసిలి లెక్క. వచ్చినదాన్ని పట్టుకొని అవతలికి అందిస్తది."

గడ్డి కోసి కోసి పాలిపోయిన పచ్చరంగు గోళ్ళలో నిలిచిపోయిన ఆ దోసిలిని నేను చూశాను. చూసి, ఉపమ మరీ సామాన్యంగా ఉన్నదనుకున్నాను. ఈ వాక్యం వ్రాయడం నాకు సులభంగా లేదు.

"మీ మనుమరాలు చదువుకుంటున్నది కదా, వ్రాయించలేకపోయారా?"

"రాస్తనన్నది సార్. నేనే వద్దన్న. పోరి రాస్తె పోరి రాసినట్టుంటది. నేను నోటితోని జెప్తె క్యాడీ మాట. మీ అసొంటి పెద్దమనిషి కాయితం మీద పెడితె ఇంటరు."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. మాటవరసకు అడిగాను, "ఆ మైదానంలో ఇటువంటి ఆటచోట్లు మొత్తం ఎన్ని?"

"పద్దెనిమిది."

నా ఒళ్ళు గగుర్పొడిచింది. మా చదువులో మహాకావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలన్నది నియమం. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, ఇలా నాయకుడి అభ్యుదయం దాకా. ఆటకు పద్దెనిమిది, కావ్యానికి పద్దెనిమిది! జీవితమంతా ఎదురుచూసిన వస్తువు నడిచివచ్చి మా మెట్టు మీద కూర్చున్నదనుకున్నాను.

"ఒక్క గుంతను గురించి వ్రాస్తే ఎవరికి పడుతుంది? మొత్తం మైదానాన్ని కళ్ళకు కట్టించాలి. అప్పుడే గుంత విలువ తెలుస్తుంది," అన్నాను.

"ఏడోదొక్కటే సార్ ఫికర్."

"పద్దెనిమిదీ చెప్పండి."

ఆయన కాసేపు తల గోక్కున్నాడు. తరువాత మొహం మీద ఒక వెలుగు వచ్చింది. పాపం, ఆయనకు కూడా పద్దెనిమిదీ ఎవరికైనా చెప్పుకోవాలని ఉన్నట్లుంది. అన్నేళ్ళలో అడిగినవాడు లేడు. మా ఇద్దరి బలహీనతా ఆ మధ్యాహ్నం ఒకచోట కలిసింది.

సాయంత్రం పాలు పితకడం అయ్యాక, కొట్టంలో నులకమంచం మీద నేనూ, నేల మీద ఆయనా. చెప్పేవాడు. ఎట్లా చెప్పేవాడని! మొదటి చోటు వెడల్పుగా ఉంటుందట, క్రొత్తగా వచ్చినవాడు బెదరకుండా. నాలుగోదానిలో ఇసుకగోతిని సరిగ్గా ఆశపోతు కొట్టే చోట ఉంచారట. ఆరో చోటుదాకా సముద్రపు గాలి వీపున తోస్తుంది, అక్కడి నుంచి మైదానం వెనుకకు మళ్ళుతుంది, అదే గాలి మొహాన కొడుతుంది. "పోంగ దోస్తు, రాంగ దుష్మన్," అన్నాడు. ఎడమచెయ్యి మైదానం, కుడిచూపుడువేలు బంతి. వేలు అరచేతి గీతల మీద జారుతూ పోయి ఆగేది. ఆగినచోట నిజంగా గడ్డి ఉన్నదేమోనని నేను వంగి చూసేవాడిని.

"ఇంత నేర్పుగా కట్టినదెవరు?" అని అడిగాను.

"ఎవరో దొర కట్టిండంటరు. కట్టలే సార్. ఇసుక ఎట్లున్నదో అట్ల ఉండనిచ్చిండు. ఉన్నదాన్ని చెడగొట్టలే, అంతే ఆయన జేసిన పని."

నేను ఆ మాటను వ్రాసుకోలేదు. నిర్మాత స్తుతికి అది చాలదనిపించి, మయుడినీ విశ్వకర్మనూ వ్రాసుకున్నాను.

ఒకరోజు బర్రెల కోసం తెచ్చిన టేబుల్ ఫ్యాన్ను కొట్టం మూలన పెట్టి, గోనెసంచుల మీద కుట్టి పోసి ఇసుకదిబ్బ చేసి, సంచి మధ్యలో మోచేతితో నొక్కి గుంత చేశాడు. ప్లాస్టిక్ బంతిని పైకి విసిరితే ఫ్యాన్ గాలికి అది వెళ్ళి కుడితితొట్టిలో పడింది. "జూసిండ్రా? మీదికి లేపుడు బలమున్నోని ఆట, బక్కోనిది గాదు." తరువాత అదే బంతిని నెమ్మదిగా దొర్లించాడు. అది గుంతలో దిగి, ఎక్కి, అవతల ఒడ్డున ఆగింది. మళ్ళీ దొర్లించాడు. మళ్ళీ అక్కడే ఆగింది. ఆయన భార్య తడికె దగ్గర నిలబడి, "బర్లు ఉడికిపోతున్నయని ఫ్యాన్ దెస్తె, ఇద్దరు ముసలోళ్ళు గూసొని ఆటలాడుతుండ్రా?" అన్నది. "ఆట కాదు, అర్జీ," అన్నాడాయన. ఆ సాయంత్రమే కలం తీసి ఒక పుట వ్రాసి ఉంటే సరిపోయేది. నేను ఇంటికి వెళ్ళి ఋతువర్ణన మొదలుపెట్టాను.

వ్రాసినది చదివి వినిపించడం నా అలవాటు. అక్కడ వచ్చేది లొల్లి.

"సార్, ఇండ్ల సముద్రం మస్తు వస్తుంది."

"సముద్రతీర మైదానం కదా!"

"తీరమే. గని ఏడోదాని కాడ సముద్రం కనవడదు. దిబ్బ అడ్డముంటది. గాలొక్కటే వస్తది. ఇంకో ముచ్చట జెప్తా ఇనుర్రి. సముద్రమున్న దిక్కుకే నేల వాలుతదని అందరనుకుంటరు, అనుకొని తప్పు కొడ్తరు. ఆడ వాలు లోపలికి, ఊరి దిక్కుకు ఉంటది."

"చదివేవాడికి సముద్రం కావాలండీ. అది లేకపోతే మనసు నిలవదు."

"చదివేటోనికా సార్, ఆడేటోనికా?"

నేను తల ఊపి, సముద్రుడి చేత అతిథులకు అర్ఘ్యపాద్యాలు ఇప్పించాను.

ఇంకొక తగవు జానెడు దూరం మీద. క్లబ్బుకు సోమవారం సెలవు. ఆ రోజు క్యాడీలు ఆడుకోవచ్చు. ఎవరో పారేసిన ఒకే ఒక ఇనుపకర్రతో ఈయన పద్దెనిమిదీ ఆడేవాడు. ఒక సోమవారం, తలగుడ్డ ఎగిరిపోయేంత గాలిలో, ఏడోదాని దగ్గర బంతిని నేలబారుగా కొట్టాడు. అది గుంతలో దిగి, ఎక్కి, గ్రీన్ మీద వంపు తిరిగి, రంధ్రానికి జానెడు దూరంలో ఆగింది. ఆయన జన్మలో అంతకు మించిన దెబ్బ లేదట. చెబుతున్నప్పుడు బొటనవేలూ చిటికెనవేలూ చాపి ఆ జానెడునూ గాలిలో కొలిచేవాడు. నేను బంతిని రంధ్రంలో పడవేసి, పైనుంచి పూలవాన కురిపించాను.

"పడలే సార్. జానెడు ఆగింది."

"నాయకుడి అభ్యుదయ ఘట్టం. పడకపోతే ఎట్లా?"

"పడితె నాకేం యాదుంటుండె? ఆగింది గావట్టే యాదున్నది."

"కావ్యంలో పడాలి."

"అయితె గా కావ్యంల ఆడినోడు నేను గాదు. ఇంకెవడో."

అని లేచి బర్రెకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. ఆ మనిషితో ఎంత విసిగిపోయానంటే, ఇంత చేసిపెడుతుంటే కృతజ్ఞత లేదని మా ఇంట్లో నాలుగు రోజులు గొణిగాను.

నాకు నేల అంటే తెలియదని ఆయన తేల్చాడు. ఒక ఉదయం నన్ను ఆటోలో బహదూర్‌పురా జూపార్కుకు తీసుకుపోయాడు. మా వైపు అంత గడ్డి ఇంకెక్కడా లేదు. ఒక వాలుగడ్డి మీద నన్ను నిలబెట్టి, "చెప్పులిడువుర్రి. కండ్లు మూసుకోర్రి. ఎటు వాలుతుందో జెప్పుర్రి," అన్నాడు. మంచుతడి గడ్డి అరికాళ్ళకు తగిలింది. నాకు మాత్రం ఏమీ తెలియలేదు. కళ్ళు మూసుకుంటే ఒక సమాసం తోచింది.

"పడమటికి," అన్నాను.

"అటు చెరువు కనవడుతుంది గావట్టి అన్నరు. తూర్పుకు వాలుతుంది సార్. మడిమె బరువు ఏ దిక్కు పడ్తుందో ఇనుర్రి."

"వినడమేమిటి, మడమతో?"

ఇంతలో కాపలాదారు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "ఓ పెద్దాయనా! గడ్డి మీదికెళ్ళి దిగుర్రి! బోర్డు కనబడ్తలేదా?" నేను చెప్పులు చంకన పెట్టుకొని దిగాను. ఈయన మాత్రం దిగకుండా, "భాయ్, ఈడ నీళ్ళు ఎక్కువ పెడుతుండ్రు, వేర్లు కుళ్ళుతున్నయ్, రేపట్కెళ్ళి తగ్గియ్యుర్రి," అన్నాడు. కాపలాదారు ఈల నోట్లోనే ఉంచుకొని నేలవైపు చూశాడు. దారి పొడవునా ఆటోలో మొహం తిప్పుకొని కూర్చున్నాను. బోర్డు చదవకుండా నడిపించి నలుగురిలో తిట్టించాడన్న కోపం. ఆయన నాకు ఏదో ఇవ్వబోయాడన్న ఆలోచన ఆనాడు రాలేదు.

దసరా దగ్గరపడింది. ప్రతి ఉదయం పాలు పోయడానికి తానే వచ్చేవాడు.

"అయిందా సార్?"

"మధుపాన వర్ణన దగ్గర ఆగింది. ఆ చోట త్రాగడానికి ఏమైనా ఉండేదా?"

"కంచె అవతల కొబ్బరిబొండాలాయన ఉంటుండె."

"చాలు."

"సార్, మీటింగు దగ్గరికొచ్చింది."

"కావ్యాన్ని తొందరపెట్టకూడదండీ."

గిన్నెలో పాలు పోస్తూ ఆయన నా మొహం కేసి చూసేవాడు. ఆ చూపులో ఉన్నది గౌరవం అనుకొనేవాడిని. గడువుకు మూడు రోజుల ముందు నలభైరెండు పుటలూ రిజిస్టరు పోస్టులో వెళ్ళాయి. సమయానికే చేరాయి. ఆ మాట నాకు ఏమాత్రం ఊరట కాదు.

కార్తీకంలో జవాబు వచ్చింది. అచ్చు కాగితం, చక్కని తెలుగు. నేను దానిని ఇంట్లో పూర్తిగా చదవకుండానే, మొదటి వాక్యంలో "మహానందము" అన్న మాట చూసి, కొట్టానికి పరుగెత్తాను. ఆయన బర్రె పొదుగు దగ్గర కూర్చొని పాలు పిండుతున్నాడు. భార్య దూడను పట్టుకొని నిలబడింది. నిలబడే చదివాను.

"తాము పంపిన కావ్యము మా సభ్యులకు మహానందము కలిగించినది. ఏడవ గ్రీన్ ముందరి గుంతను గూర్చి తమరే ఇరవైమూడవ పుటలో ‘అగాధమైన యా గర్తము క్రీడాకారుల యాశలను కబళించు రాక్షసివదనము’ అని సెలవిచ్చినారు. వృద్ధులైన సభ్యుల సౌకర్యార్థము దానిని పూడ్చవలెనన్న మా యోచనకు తమ మాటలు బలము చేకూర్చినవి. తమ సముద్రవర్ణనలోని వాక్యమొకటి శిలపై చెక్కించి అచ్చటనే నిలుపగలవారము."

బక్కెట్లో పాలధార చప్పుడు ఆగింది.

"రాక్షసి నోరా?" అన్నాడాయన.

"అది అలంకారం. లోతు తెలియడానికి..."

"నేను దోసిలన్న."

"అన్నారు."

"మీరు నోరని రాసిండ్రు."

"వ్రాశాను."

ఆయన మళ్ళీ పొదుగు మీద చేయి వేశాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే, "పంతులూ, ఈ ముచ్చట ఒక చీటీ మీద రాసి ఈ బర్రె మెడకు కట్టి తోలినా పనయ్యేది," అన్నాడు. అప్పటిదాకా నన్ను సార్ అనకుండా ఒక్కసారైనా పిలవలేదు.

"మరొక ఉత్తరం వ్రాస్తాను. ఒక్క పుటలో. ఇప్పుడే."

"మన్ను వోసిండ్రు సార్. మొన్ననే ఫోనొచ్చింది."

అంటే రెండు రోజులుగా ఆయనకు తెలుసు. తెలిసీ, నా కాగితంలో ఏముందో నా నోట వినడానికి ఊరుకున్నాడు. ఆయన భార్య దూడను వదిలిపెట్టింది. అది పోయి తల్లి పొదుగును కుమ్మింది. నేను అక్కడ నిలబడవలసిన అవసరం ఎవరికీ లేదని అర్థమై వచ్చేశాను.

పది రోజులు ఆయన మా ఇంటికి రాలేదు. పాలు ఆమె తెచ్చి, పోసి వెళ్ళిపోయేది. పదకొండో రోజు ఉదయం గేటు ముందర గడ్డపార చప్పుడు. బయటకు వెళ్ళి చూస్తే, ఆయన ఒట్టి కాళ్ళతో నిలబడి రోడ్డు సిమెంటును పగలగొడుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు. రెండు జానల వెడల్పున పగలగొట్టి, అడుగున మట్టి తీసి, చేతితో నున్నగా మెత్తి, మురుగుమోరీ వైపు వాలు పెట్టాడు. తరువాత మా పంపు కింద బక్కెట్ నింపి, దూరం నుంచి పోశాడు. నీళ్ళు వచ్చి, ఆ చిన్న గుంతలో దిగి, దిగిన జోరుకే మోరీలోకి జారిపోయాయి. గేటు ముందర చుక్క నిలవలేదు.

"జూడుర్రి," అన్నాడు. అంతే. గడ్డపార భుజాన వేసుకొని పోయాడు.

క్షమించాడో, కసి తీర్చుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. తప్పుగా ఉన్న వాలును ఆయన చూస్తూ ఊరుకోలేడు, అంతవరకే చెప్పగలను.

మాఘంలో ఆయనకు దగ్గు పట్టుకున్నది. పది రోజులలో పోయాడు. నేను వెళ్ళేసరికి దుప్పటి కప్పి ఉంచారు. అది పొట్టిదై పాదాలు బయటకు ఉన్నాయి. మడమల నిండా పగుళ్ళు. నలుగురిలో నిలబడి, ఒక్క మాట మాట్లాడమని ఎవరో అడిగితే, తల అడ్డంగా ఊపాను.

సోమవారం ఆ ఫోటో వచ్చాక, కనీసం ఇప్పుడైనా ఆయన అడిగిన ఆ పుట వ్రాయాలని కూర్చున్నాను. ఎవరికీ పంపడానికి కాదు, ఆయన మాటలు ఆయన చెప్పినట్లుగా ఒకచోట ఉంటాయని. రెండో పంక్తిలో సముద్రం వచ్చింది. కొట్టివేశాను. మళ్ళీ మొదలుపెడితే మూడో పంక్తిలో వచ్చింది. ఆయన చెప్పినవి చెప్పినట్లుగా నేను ఏనాడూ వ్రాసుకోలేదు. వింటూ వింటూనే నా భాషలోకి మార్చి వ్రాసుకున్నాను. ఇప్పుడు వెతికితే కట్టలకొద్దీ నా మాటలే దొరుకుతున్నాయి. పైన ఆయన నోట పెట్టినవన్నీ జ్ఞాపకం మీద వ్రాసినవే. అందులో ఎంత ఆయనదో చెప్పగలిగినవాడు లేడు.

మూడో రోజున గల్లీలో రోడ్డు పగుళ్ళు పూడ్చడానికి పనివాళ్ళు వచ్చారు. వరుసగా పూడ్చుకుంటూ మా గేటు దాకా వచ్చి, ఒకతను తాపీతో సిమెంటు మాల్ ఎత్తి ఆ గుంత మీదికి వంగాడు. నేను వరండా దిగి పరుగెత్తాను.

"ఆగు నాయనా! ఇది కేవలం పగులు కాదు. దీని వెనుక ఒక మనిషి జీవితకాలపు అనుభవం నిక్షిప్తమై ఉన్నది..."

"ఏంది తాతా? జర పక్కకు జరుగు, మాల్ గట్టివడుతది."

"నా మాట విను. సముద్రతీరంలో ఒక మైదానం..."

అతను తాపీ దించి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఛత్రినాకల సముద్రమేడిది తాతా?"

ప్రక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు తోచినవన్నీ పొడుగు మాటలే. అతను మళ్ళీ వంగాడు.

పాలక్యానుతో అటే వస్తున్న ఆయన భార్య, నడక ఆపకుండానే అన్నది, "పూడ్చకు బిడ్డా. అది నీళ్ళు పోయే తోవ."

అతను "సరే అమ్మా," అని తాపీలోని మాల్‌ను తిరిగి తట్టలో వేసి, అవతలి పగులుకు జరిగాడు.

ఆమె మా గిన్నెలో పాలు పోసి, మూత పెట్టి, నా వైపు చూసింది.

"గింతే గద సార్ చెప్పాల్సింది," అన్నది.